పొట్టలో దొరికిన ముద్ద: మాంసాహార డైనోసార్ ఏం తినేదో ఎలా తెలుసు?

గుణదల_నాన్న · ఆదివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మావాడు అయిదో తరగతి. రెండు నెలలుగా డైనోసార్ల పిచ్చి పట్టుకుంది. ఇవాళ మధ్యాహ్నం కోడి కాలు చేత్తో పట్టుకుని తింటూ, "నాన్నా, టి.రెక్స్ ఏం తినేదో చూసినవాళ్ళు ఎవరూ లేరుగా, మరి పుస్తకంలో ఎలా రాసేశారు?" అన్నాడు. పళ్ళు పదునుగా ఉన్నాయి కదరా అన్నాను. "పక్కింటి కుక్కకీ పదునుగానే ఉన్నాయి, అది పెరుగన్నం తింటుందిగా" అన్నాడు. పక్కింటి కుక్క నిజంగానే రోజూ పెరుగన్నమే తింటుంది. నా దగ్గర ఇక మాట లేదు.

పొట్టలో తిండి అలాగే ఉండిపోయిన శిలాజాలు దొరుకుతాయని ఎక్కడో విన్నాను. కోట్ల ఏళ్ళ తర్వాత పొట్టలో ముద్ద మిగులుతుందా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. వాడు రేపు మళ్ళీ అడుగుతాడు.

మిర్చియార్డు · 9.22

మా గుంటూరు కోడికూర తిని ఉంటే పొట్ట కూడా మిగిలేది కాదు.

రాళ్ళపిచ్చి · 9.58

గుణదల గారూ, మీవాడి ప్రశ్న చాలా మంచిది. పళ్ళు చూస్తే ఏం తినగలదో తెలుస్తుంది. ఏం తిన్నదో తెలియాలంటే పొట్టే చూడాలి.

ఈ మధ్య కాలంలో నాకు బాగా నచ్చినది గోర్గోసారస్ కథ. టి.రెక్స్‌కి దగ్గరి చుట్టం, దానికంటే ముందుది. కెనడాలోని ఆల్బెర్టాలో 2009లో ఒక పిల్ల గోర్గోసారస్ అస్థిపంజరం దొరికింది. వయసు అయిదు నుంచి ఏడేళ్ళ మధ్య, బరువు సుమారు 335 కిలోలు. 7.5 కోట్ల ఏళ్ళ నాటిది. ల్యాబ్‌లో రాయి తొలుస్తుంటే పక్కటెముకల మధ్య నుంచి చిన్న చిన్న కాలివేళ్ళ ఎముకలు బయటపడ్డాయి. అంత పెద్ద జంతువుకి అంత సన్న వేళ్ళు ఉండవు కదా. ఇంకా తొలిస్తే సిటిపెస్ అనే పక్షిలాంటి చిన్న డైనోసార్ కాళ్ళు. ఒకదానివి కావు, రెండింటివి. రెండూ ఏడాది లోపు పిల్లలే, ఒక్కోటి పది కిలోల అటూ ఇటూ.

ఇందులో రెండు ముచ్చట్లున్నాయి. ఒకటి, లోపల ఉన్నది దాదాపు కాళ్ళు, కాస్త తోక మాత్రమే. అంటే మీవాడి లాగే కాలి ముక్కలు ఏరుకుని తిన్నదన్నమాట. రెండు, ఒక జత కాళ్ళు మరో జత కంటే ఎక్కువ అరిగి ఉన్నాయి. అంటే ఒక్క పూట తిండి కాదు, రెండు పూటలది. 2023 డిసెంబరులో ఈ పరిశోధన బయటికొచ్చింది.

పెద్ద గోర్గోసారస్‌లు బాతుమూతి డైనోసార్ల లాంటి భారీ జంతువుల్ని తినేవని వాటి ఎముకల మీది పంటి గాట్ల వల్ల ముందే తెలుసు. పిల్లలు మాత్రం పిల్లల్నే పట్టేవని ఈ పొట్ట చెప్పింది. ఒకే జాతిలో చిన్నప్పుడు ఒక తిండి, పెద్దయ్యాక ఒక తిండి.

కృష్ణలంక_కొరమీను · 10.15

చిన్న కొరమీనుదీ ఇదే కథ. పిల్లప్పుడు పురుగులు, పెద్దయ్యాక చేపలు. మాది చేపల వ్యాపారం, రోజూ కోసి చూస్తుంటాం.

ముక్కుసూటి · 10.31

నాకో అనుమానం. ఒక అస్థిపంజరం మీద ఇంకో అస్థిపంజరం పడి ఉండొచ్చు కదా. వరదలో రెండు శవాలు కొట్టుకొచ్చి ఒకేచోట ఆగితే, "ఇది దాన్ని తిన్నది" అని కథ అల్లేస్తే ఎలా? బుడమేరు పొంగినప్పుడు మా వీధిలో సోఫా కింద ఎవరిదో స్కూటర్ హెల్మెట్ దొరికింది. సోఫా హెల్మెట్‌ని తిన్నదనాలా?

రాళ్ళపిచ్చి · 10.52

ఈ అనుమానం ఉత్తినే కొట్టిపారేసేది కాదు, ఇలాంటి పొరపాటు నిజంగానే జరిగింది. 1947లో అమెరికాలోని న్యూ మెక్సికోలో ఘోస్ట్ రాంచ్ అనే చోట సీలోఫైసిస్ అనే చిన్న మాంసాహార డైనోసార్లు వందల సంఖ్యలో ఒకేచోట దొరికాయి. రెండింటి పొట్ట దగ్గర చిన్న ఎముకలు కనిపించాయి. ఇవి సొంత పిల్లల్నే తిన్నాయని కోల్‌బర్ట్ అనే పెద్ద శాస్త్రవేత్త రాశారు. అంతే, కొన్ని దశాబ్దాల పాటు పుస్తకాలన్నిటిలో సీలోఫైసిస్ అంటే పిల్లల్ని తినే రాక్షసి.

2006లో మళ్ళీ నిదానంగా చూశారు. ఒకదాని విషయంలో ముక్కుసూటి గారి హెల్మెట్ కథే: చిన్న ఎముకలు పొట్టలో లేవు, పెద్దదాని పక్కటెముకల కింద నలిగి ఉన్నాయి. రెండోదాని పొట్టలో నిజంగానే ఎముకలున్నాయి, కాకపోతే అవి సీలోఫైసిస్‌వి కావు. ఆ కాలంలో నేల మీద తిరిగిన ఒక చిన్న మొసలి చుట్టానివి. పాపం, యాభై ఏళ్ళకు పైగా నింద మోసింది.

మిర్చియార్డు · 10.55

పరువు నష్టం దావా వేయాల్సింది.

బ్రాడీపేట_డాక్టర్ · సోమవారం, ఉదయం 6.40

నేను పోస్టుమార్టం విభాగంలో పనిచేశాను కాబట్టి నా వైపు నుంచి ఒక మాట. మేమూ పొట్ట తెరుస్తాం. అన్నం మెతుకులు, టమాటా తొక్కలు, మిరప గింజలు చాలాసేపు అలాగే గుర్తుపట్టేలా ఉంటాయి. గుంటూరులో మిరప గింజ లేని పొట్ట నేను చూసినట్టు గుర్తు లేదు. మామూలు భోజనం నాలుగు నుంచి ఆరు గంటల్లో పొట్ట దాటిపోతుంది. అందుకే సినిమాల్లో చెప్పినట్టు "రాత్రి తొమ్మిదింటికి చనిపోయాడు" అని పొట్ట చూసి చెప్పడం కుదరదు. టెన్షన్ పడినా, దెబ్బ తగిలినా, జ్వరం ఉన్నా అరుగుదల ఆగిపోతుంది. ఆ చివరి పూట ఏం తిన్నాడు అన్నంతవరకే మా సాక్ష్యం. అతను శాకాహారా, మాంసాహారా అని ఆ ఒక్క పొట్ట చూసి నేను సంతకం పెట్టలేను. శనివారం ఒంటిపూట ఉన్న మనిషి పొట్టలో అరటిపండే ఉంటుంది, మిగతా ఆరు రోజులూ ఏం తిన్నాడో అరటిపండు చెప్పదు.

ఇంకొక్కటి. విసెరా (లోపలి అవయవాల ముక్కలు) పరీక్షకి పంపేటప్పుడు మేం చిక్కటి ఉప్పునీళ్ళలో వేసి పంపుతాం, లేకపోతే కుళ్ళిపోతుంది. మరి డైనోసార్ పొట్టకి ఆ ఉప్పునీళ్ళు ఎవరు పోశారు? నాకు అర్థం కానిది అదే.

రాళ్ళపిచ్చి · 8.05

డాక్టర్ గారూ, మెత్తటి ముద్ద మిగలదు. మిగిలేవి ఎముకలు, పొలుసులు, పళ్ళు. అవీ మిగలాలంటే తిన్న కాసేపటికే జంతువు చచ్చిపోవాలి, చచ్చిన వెంటనే బురదలోనో బూడిదలోనో కప్పబడిపోవాలి. ఇంకా గట్టిగా చెప్పాలంటే దాని పొట్ట బలహీనంగా ఉండాలి. మొసలి పొట్టలో యాసిడ్ ఎముకలోని సున్నాన్నంతా లాగేస్తుంది. అలాంటి పొట్ట ఉన్న జంతువు శిలాజమైనా లోపల ఏమీ దొరకదు. అందుకే మాంసాహార డైనోసార్లు ఇన్ని దొరికినా, పొట్టలో తిండితో దొరికినవి బహు తక్కువ.

ఆ యాసిడ్ వల్లే ఇంకో లాభం ఉంది. ముక్కుసూటి గారూ, మీ హెల్మెట్ ప్రశ్నకి జవాబు కూడా అదే. ఎముక పొట్టలో కాసేపు ఉంటే దాని పైపొర కరిగి గుంటలు పడుతుంది, అంచులు నునుపవుతాయి. వరదలో కొట్టుకొచ్చిన ఎముక మీద ఆ గుర్తులు ఉండవు. చిన్న ఎముకలు కుడి పక్కటెముకలకీ ఎడమ పక్కటెముకలకీ మధ్యలో ఉన్నాయా, చుట్టుపక్కల రాయిలో అదే జంతువు ఎముకలు ఇంకెక్కడైనా చెల్లాచెదురుగా ఉన్నాయా అన్నవీ చూస్తారు. అన్నీ కుదిరితేనే పొట్టలోది అంటారు.

1983లో ఇంగ్లండ్‌లోని సర్రే దగ్గర మట్టిగుంటలో ఒక ప్లంబర్‌కి పెద్ద గోరు దొరికింది. తరవాత తవ్వితే బేరియానిక్స్ అనే కొత్త డైనోసార్ బయటపడింది, మూతి మొసలి మూతిలా పొడుగ్గా ఉంటుంది. పక్కటెముకల దగ్గర పెద్ద చేప పొలుసులు, అవీ యాసిడ్ తినేసినట్టు గుంటలు పడి. చేపలు తినే డైనోసార్ అని తేలింది. అంతటితో ఆగలేదు, అదే పొట్ట దగ్గర ఇగ్వానోడాన్ జాతి శాకాహార డైనోసార్ పిల్ల ఎముకలు కూడా ఉన్నాయి. చేపల మనిషే గానీ మటన్ వద్దనలేదు.

ముక్కుసూటి · 8.30

సరే, పొట్టలోదే అని ఒప్పుకున్నా. ఆ ఇగ్వానోడాన్ పిల్లని చంపి తిన్నదా, చచ్చి పడి ఉంటే తిన్నదా?

రాళ్ళపిచ్చి · 8.34

పొట్ట అది చెప్పదు. ఇక్కడ మీరే గెలిచారు.

తెనాలి_టీచరమ్మ · సాయంత్రం 5.20

స్కూల్ అయ్యాక చదివాను, భలే నడుస్తోంది. చంపిందా, దొరికింది తిన్నదా అన్నదానికి సాక్ష్యం తిన్నదాని పొట్టలో కాదు, తప్పించుకున్నదాని ఒంటి మీద వెతకాలి. అమెరికాలోని హెల్ క్రీక్ రాళ్ళలో ఒక బాతుమూతి డైనోసార్ తోక ఎముకలు రెండు దొరికాయి, 2013లో ప్రచురించారు. వాటి మధ్య టి.రెక్స్ పంటి ముక్క ఇరుక్కుని ఉంది. దాని చుట్టూ ఎముక మళ్ళీ పెరిగి రెండూ కలిసిపోయాయి. శవం ఎముక పెరగదు కదండీ. అంటే టి.రెక్స్ బతికున్న జంతువుని వెంటపడి కరిచింది, అది తప్పించుకుని, గాయం మానేదాకా బతికింది. గుణదల గారూ, మీ అబ్బాయి అడిగింది టి.రెక్స్ గురించి కాబట్టి ముందు ఇది చెప్పండి.

టి.రెక్స్ గురించి ఇంకోటి కూడా ఉంది గానీ భోజనాల దగ్గర చెప్పకండి. కెనడాలోని సస్కాచెవాన్‌లో 44 సెంటీమీటర్ల పొడవున్న శిలాజ పేడ దొరికింది. కారెన్ చిన్ బృందం 1998లో దాని గురించి రాసింది. నిండా నలిగిన ఎముక ముక్కలే, ఒక చిన్న శాకాహార డైనోసార్‌వి. అంత పెద్ద మాంసాహారి పేడ అంటే టి.రెక్స్‌దే అయి ఉండాలన్నారు. ఎముకలు పూర్తిగా కరగకుండానే బయటికి వచ్చేశాయి, అంటే నమలడం కంటే పిండి చేసి మింగేయడం, అరక్కుండానే తోసేయడం.

మిర్చియార్డు · 5.26

టీచరమ్మా, నేను ఇప్పుడే పునుగులు తింటున్నా.

కృష్ణలంక_కొరమీను · రాత్రి 8.45

డాక్టర్ గారు అరటిపండు సంగతి చెప్పారు. మా వృత్తిలో అంతకంటే మోసం ఉంది. వలలో పడ్డ వాలుగ పొట్ట కోస్తే ఒక్కోసారి నిండా చిన్న చేపలే. అది రోజూ అంత తింటుందని అనుకోవద్దు. వల లోపల ఇరుక్కున్నప్పుడు పక్కన ఏది ఇరుక్కుంటే దాన్ని మింగేస్తుంది. బయట ఏరులో అయితే అంత సులువుగా దొరకవు. ఇంకోవైపు కొన్ని చేపలు వల లాగేటప్పటికే కక్కేస్తాయి, పొట్ట ఖాళీగా ఉంటుంది. జెర్రిపోతు కూడా అంతే, కప్పని మింగాక మనం కర్రతో కదిపితే కక్కేసి పారిపోతుంది. చచ్చిన తీరును బట్టే పొట్ట ఉంటుంది.

డైనోసార్లకి ఇది లెక్కలోకి తీసుకుంటారా?

రాళ్ళపిచ్చి · 9.30

అన్నా, పెద్ద మాట అన్నావు. తీసుకోవాలి. పొట్టలో తిండితో దొరికిన చిన్న డైనోసార్లలో చాలావరకు చైనాలోని లియావోనింగ్ నుంచే వచ్చాయి. అక్కడ అగ్నిపర్వతాల బూడిద సరస్సుల్లో పడి జంతువుల్ని కప్పేసింది. అంటే మనకి కనిపించేది ఆ సరస్సుల చుట్టుపక్కల బతికినవాటి పళ్ళెమే. దూరంగా ఎండిన నేలలో తిరిగినవి ఏం తినేవో మనకి అంత బాగా తెలియదు.

అందుకే ఒక్క పొట్ట కాకుండా ఒకే జాతివి నాలుగైదు పొట్టలు దొరికితే పండగ. అలా దొరికింది మైక్రోరాప్టర్. కాకి అంత ఉంటుంది, కాళ్ళకీ ఈకలు, నాలుగు రెక్కల పిట్టలా ఉంటుంది. వయసు సుమారు 12 కోట్ల ఏళ్ళు. 2011లో ఒకదాని పొట్టలో పక్షి ఉందన్నారు, చెట్ల మీద పిట్టల్ని పట్టేదనుకున్నారు. 2013లో ఇంకోదాని పొట్టలో చేప. అయితే నీళ్ళ ఒడ్డున కూడా తిరిగేదన్నమాట. 2019లో బల్లి. 2022లో ఎలుక లాంటి చిన్న జంతువు కాలు. ఒక్క పక్షి చూసి ఆగిపోయి ఉంటే ఎంత తప్పు బొమ్మ గీసుకునేవాళ్ళమో. దొరికిందల్లా తినే రకం అది. నా దృష్టిలో ఈ మొత్తం రంగంలో నేర్చుకోవాల్సింది అంతా మైక్రోరాప్టర్‌లోనే ఉంది.

ఇంకో సంగతి. ఆ బల్లి అప్పటిదాకా ఎవరికీ తెలియని జాతి. తలవైపు నుంచి, ముక్క చేయకుండా గుటుక్కున మింగింది, అందుకే దాదాపు మొత్తం మిగిలింది. దానికి పెట్టిన పేరు ఇంద్రసారస్.

మిర్చియార్డు · 9.33

ఇంద్రసారస్? చైనా బల్లికి మన ఇంద్రుడి పేరా? ఇంద్రకీలాద్రి మీద బల్లి అనుకున్నా.

రాళ్ళపిచ్చి · 9.36

వృత్రుడు ఇంద్రుణ్ణి మింగాడు కదా, అందుకే. మింగినవాడి పేరు కాకుండా మింగబడ్డవాడి పేరు బల్లికి పెట్టారు, లెక్క సరిపోయింది.

తెనాలి_టీచరమ్మ · 9.50

పేరు బాగానే కుదిరింది గానీ ఇంద్రుడు బయటపడ్డాడండీ. భారతంలో దేవతలు వృత్రుడికి ఆవులింత తెప్పిస్తే నోట్లోంచి బయటికి దూకుతాడు. భాగవతంలో అయితే పొట్ట చీల్చుకునే వస్తాడు. బల్లికి ఆ అదృష్టం లేదు. దీనికి వాతాపి పేరు పెట్టాల్సింది. జీర్ణం జీర్ణం.

బ్రాడీపేట_డాక్టర్ · 10.02

కాదమ్మా, వాతాపి పూర్తిగా అరిగిపోయాడు. అరగలేదు కాబట్టే కదా మనం మాట్లాడుకుంటున్నాం.

రాళ్ళపిచ్చి · 10.20

అరగకపోవడం మీద శాస్త్రవేత్తలకీ సరదా ఉంది. జర్మనీలోని బవేరియాలో 1850ల చివర్లో కాంప్సోగ్నాథస్ అనే కోడి అంత డైనోసార్ దొరికింది. దాన్ని సేకరించిన మనిషి ఒక వైద్యుడే, డాక్టర్ గారూ. దాని పొట్టలో చిన్న అస్థిపంజరం. అది గర్భంలో ఉన్న పిల్ల కావచ్చని 1881లో మార్ష్ అన్నాడు, ఆయనేం చిన్నవాడు కాదు. అది పిల్ల కాదు, బల్లి అని 1903లో నోప్చా తేల్చాడు. 1978లో ఆస్ట్రమ్ మళ్ళీ చూసి ఫలానా బల్లి అన్నాడు. 2017లో అదీ కాదు, కొత్త జాతి అని ఇంకో పేరు పెట్టారు: షోనెస్మాల్ డిస్పెప్సియా. మొదటి మాటకి జర్మన్‌లో చక్కని భోజనం అని అర్థం, రెండోది అజీర్తి. ఒక బల్లి ఎవరో తేలడానికి నూట యాభై ఏళ్ళకి పైగా పట్టింది.

గుణదల_నాన్న · 10.41

ఇదంతా జర్మనీ, కెనడా, చైనా. మావాడు "మన దగ్గర?" అంటున్నాడు. ఇంద్రకీలాద్రి తవ్వితే దొరుకుతాయా అని కూడా అడిగాడు.

రాళ్ళపిచ్చి · 11.15

బెజవాడ కొండలు ఖొండలైట్ రాయి. డైనోసార్లు పుట్టేనాటికే అవి పాత కొండలు, పైగా భూమి లోపల వేడికీ ఒత్తిడికీ ఉడికిన రాళ్ళు. వాటిలో ఏ ఎముకా ఉండదు. కింద మైదానంలో ఉన్నది కృష్ణ తెచ్చిన ఒండ్రు, అది మరీ కొత్తది. రెండు విధాలా మనకి లేదు.

గోదావరి వైపు వెళ్తే ఉంది. కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు, పిల్లాణ్ణి తీసుకెళ్ళండి. కాకపోతే అది ఆకులు తినేది. పొట్టలో సాక్ష్యం కావాలంటే పాత ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి రాళ్ళకి వెళ్ళాలి. అక్కడ పారాసూకస్ అనే మొసలి లాంటి జంతువు అస్థిపంజరాలు రెండు దొరికాయి, ఇరవై రెండు కోట్ల ఏళ్ళ పైమాట. వాటి పొట్టల్లో బల్లి ఆకారంలో ఉన్న ఇంకో సరీసృపం అస్థిపంజరాలు. కలకత్తా గణాంక సంస్థలో పనిచేసిన శంకర్ ఛటర్జీ 1980లో దానికి మలేరిసారస్ రాబిన్సోనే అని పేరు పెట్టారు. మన ఊరి పేరు మీద ఒక జంతువు, అదీ ఇంకోదాని పొట్టలోంచి ప్రపంచానికి పరిచయమైంది. గణాంక సంస్థకి ఎముకలతో పనేంటి అనకండి. ఆ సంస్థని స్థాపించిన మహలనోబిస్ గారు లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రవేత్తని పిలిపించి అక్కడ భూగర్భ పరిశోధన మొదలుపెట్టించారు. జాతి పేరులో ఉన్నది ఆవిడే.

ముందే చెబుతున్నా, పారాసూకస్ డైనోసార్ కాదు. మీవాడు నన్ను పట్టుకోకముందే నేనే ఒప్పుకుంటున్నా.

నిర్వాహకుడు · 11.30

ఆదిలాబాద్ ఏ రాష్ట్రంలో ఉందన్న వాదనతో వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాను. విషయం మీద ఉండండి.

తెనాలి_టీచరమ్మ · మంగళవారం, సాయంత్రం 5.45

గుణదల గారూ, మీ అబ్బాయి చేత్తోనే చేసి చూసే పద్ధతి ఒకటుంది. గుడ్లగూబ ఎలుకని మింగేసి, అరగని ఎముకలూ బొచ్చూ ఉండగా చుట్టి నోట్లోంచి కక్కేస్తుంది. పాత గుడి గోపురం కిందో, పాడుబడ్డ గోడౌన్‌లోనో బూడిద రంగు ఉండలు దొరుకుతాయి. చైనాలో ఆంకియోర్నిస్ అనే ఈకల డైనోసార్‌తో పాటు ఇలాంటి ఉండలే శిలాజాలుగా దొరికాయి, లోపల బల్లి ఎముకలు, చేప పొలుసులు. 2018లో రాశారు. అంటే ఈ అలవాటు పక్షులకి డైనోసార్ల నుంచే వచ్చిందన్నమాట. గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. బాగా ఎండనిచ్చి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి విప్పండి.

గుణదల_నాన్న · ఆదివారం, సాయంత్రం 6.05

మా మావయ్యగారి ఊళ్ళో పాత పొగాకు బ్యారన్ కింద రెండు ఉండలు దొరికాయి. ఒకటి చిదిగిపోయింది. రెండోది ఇవాళ విప్పాం. వాళ్ళమ్మ నన్నూ వాణ్ణీ పెరట్లోనే ఉండమంది, ఇంట్లోకి రానివ్వలేదు.

బొచ్చు, పక్కటెముకలు, ఒక చిన్న పుర్రె ముక్క, పళ్ళతో సహా కింది దవడ ముక్కలు మూడు. వాడు "మూడు ఎలుకలు" అని అరిచాడు.

రాళ్ళపిచ్చి · 6.12

ఆగమనండి. ఎలుక కింది దవడ రెండు ముక్కలుగా విడిపోతుంది, కుడి, ఎడమ. ముందు ఏది ఏ వైపుదో చూడమనండి. గోర్గోసారస్ పొట్టలో సిటిపెస్‌లు రెండని అలాగే లెక్కేశారు, కాళ్ళు జత కలిపి.

గుణదల_నాన్న · 6.50

రెండు ఎడమవి, ఒకటి కుడి. కుడిది ఒక ఎడమదానికి సరిగ్గా సరిపోయింది. కాబట్టి కనీసం రెండు ఎలుకలు, కనీసం అన్న మాట గట్టిగా రాయమని వాడే అంటున్నాడు. ఇంకో కుడి దవడ ఏమైందని ఇప్పుడు నీళ్ళ గిన్నె అడుగున వెతుకుతున్నాడు.